దిబ్బ దగ్గర గాలి

నిధి కార్యాలయం, మూడో అంతస్తు
మార్చి మొదటి వారం

దీపాల బావకి,

నీ మరదలు దండాలు పెట్టి రాయునది ఏమనగా అని మొదలుపెడితే నవ్వుతావని తెలుసు. ఫోన్ చేద్దామంటే అక్క ఎత్తుతుంది, ఎత్తిందంటే నీ దాకా రానివ్వదు. నువ్వు చూస్తే సముద్రం దీపాలు బాగుచేస్తూ నెలలో సగం రోజులు సిగ్నలు అందని నీళ్ళ మీద ఉంటావు. అందుకని ఉత్తరమే దిక్కయింది.

నిన్నటితో మా సమావేశం ముగిసింది. గొంతు పోయింది, కాళ్ళు వాచాయి, చేతికి చిక్కింది మాత్రం అంతంతమాత్రం. నా ఉద్యోగం ఏమిటో అక్కకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు, నీకు చెప్తాను, నువ్వు తీరిగ్గా చెప్పు. జలసంధి ఒడ్డున ఉన్నవి మూడు దేశాలు. అందులోంచి ఓడలు నడుపుకుని బాగుపడేది సగం ప్రపంచం. దీపాలు వెలిగించాల్సింది మూడు దేశాలు, వెలుగు మాత్రం అందరిదీ. ఇది అన్యాయమని అందరూ ఒప్పుకునే ఈ నిధి పెట్టుకున్నారు. కానీ ఎవరినీ ఇంత ఇవ్వమని అడగకూడదు, అది మా మొదటి నియమం. కావలసిన పనుల జాబితా బల్ల మీద పెట్టి నోరు మూసుకుని కూర్చోవాలి. ఎవరికి నచ్చిన పని వాళ్ళు ఎత్తుకుంటారు.

ఇష్టం మీద ఇచ్చేవాళ్ళకి కొత్త వస్తువు కావాలి బావా, పక్కన నిలబడితే ఫోటో బాగా రావాలి. ఈసారి అలల ఎత్తు కొలిచే యంత్రం కోసం ఇద్దరు పోటీ పడ్డారు. నీ దిబ్బ దీపం దగ్గరికొచ్చేసరికి పెద్ద ఓడల సంఘం ప్రతినిధి కళ్ళజోడు సవరించుకుని కాగితం చూశాడు. "ఇది ఏళ్ళ తరబడి ఒక్క రాత్రి కూడా ఆరలేదు కదా, బాగున్నదాన్ని పడగొట్టడం ఎందుకు?" అన్నాడు. అందరూ తలలూపారు. కొత్త టవరు ఈసారీ వాయిదా పడింది.

టవరు కాళ్ళు తుప్పు పట్టాయని చెప్పబోయాను. నీ రిపోర్టులే నా నోరు కట్టేశాయి. నీ పనితనమే మన కొంప ముంచుతోంది. కాస్త చేతకానివాడిగా ఉండటం నేర్చుకోకూడదూ? అక్క మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి.

నీ మరదలు


సర్వీసు ఓడ మీద నుంచి
మార్చి చివర

మరదలు గారికి, అనగా సగం ప్రపంచానికి కార్యదర్శి గారికి,

నీ ఉత్తరం మా సరంగుకి కూడా చదివి వినిపించాను. ఆయన నోట్లోంచి మాట రావడమే గగనం. "అయితే మనం పని ఎగ్గొడితే డబ్బులిస్తారన్నమాట" అని ఒక్క ముక్క అని తాళ్ళు చుట్టుకోడానికి వెళ్ళిపోయాడు.

చేతకానితనం నాకు కొత్తేమీ కాదు. ఇంట్లో బల్బు మార్చడం కూడా రాదని మీ అక్క దగ్గర ఎప్పుడో పేరు తెచ్చుకున్నాను. దీపం సంగతి వేరు. దిబ్బ అంటే నువ్వు పటం మీద చూసే చుక్క కాదు. పోటు వచ్చిందంటే నీళ్ళలో మునిగిపోయే రాళ్ళు, ఓ ఊరంత పొడవు. వాటి కొసన మా ఇనప టవరు. పెద్ద ఓడలు అవతల లోతు దారిన పోతాయి. కలపా సిమెంటూ మోసుకునే చిన్న ఓడలు దిబ్బకి ఇవతల దారిన వస్తాయి, వాటికి ఆ దీపం తప్ప దారి చూపేది ఇంకోటి లేదు.

టవరు కాలుని వేలితో గీకితే తుప్పు రేకులుగా ఊడొస్తోంది. లాంతరు మూతని తీగ చుట్టి నిలబెట్టాం. కొత్త బ్యాటరీలు రావు కాబట్టి నీళ్ళ మీద తేలే పాత బోయాల్లోంచి పీకినవి కలిపి కట్టాం, అవి ఎప్పుడు చేతులెత్తేస్తాయో వాటికే తెలియదు. బ్యాటరీ పడిపోతే మా ఓడలో బజర్ మోగుతుంది. మోగగానే తింటున్న కంచం వదిలేసి పరిగెత్తి చీకటి పడేలోపు మళ్ళీ వెలిగిస్తాం. అందుకే మీ కాగితంలో ఆరిన రాత్రి ఒక్కటీ లేదు. 'పనిచేస్తోంది' అని రాయడానికి గడి ఉంది, ఎలా పనిచేస్తోందో రాయడానికి గడి లేదు.

మొన్న నిచ్చెన మెట్టొకటి ఊడి సరంగు చేతిలోకి వచ్చేసింది. నడుముకి తాడు కట్టుకున్నాడు కాబట్టి గాల్లో ఊగి బతికాడు. కిందికి దిగాక ఆ మెట్టు నా చేతిలో పెట్టాడు. ఆయన్ని ఎక్కించింది నేనే.

మీ అక్క మోకాలు బాగానే ఉంది, నోరు ఇంకా బాగుంది.

బావ


నిధి కార్యాలయం
ఏప్రిల్

బావా,

సరంగు సంగతి చదివాను. మూడు రోజులుగా అదే ఆలోచన. ఒక మాట చెప్తాను, కోప్పడకు. కోప్పడినా పూర్తిగా చదివాక కోప్పడు.

జూన్‌లో మధ్యంతర సమావేశం ఉంది. అత్యవసరం అనిపించుకున్న పని ఒక్కటి అందులో ముందుకు తోయొచ్చు. ఈసారి బజర్ మోగితే వెంటనే వెళ్ళకు. ఒకటి రెండు రాత్రులు ఆగు. దీపం ఆరిందని ఓడలన్నిటికీ రేడియోలో హెచ్చరిక ఎలాగూ వెళ్తుంది, ఎవరి జాగ్రత్తలో వాళ్ళుంటారు. కాగితం మీద ఆరిన రాత్రులు పడతాయి, ఆ కాగితం నేను బల్ల మీద పెడతాను. నువ్వు దేన్నీ ఆర్పక్కర్లేదు. పరిగెత్తకుండా ఉంటే చాలు. ఊరికే కూర్చోవడం పాపమా?

ఎందుకు వెళ్ళలేదని అడిగితే గాలి ఎక్కువగా ఉండటం వల్ల అని రాయి. తీరంలో గాలి వేరు, దిబ్బ దగ్గర గాలి వేరు. అక్కడ ఎంత గాలి ఉందో చెప్పగలిగేది మీ ఓడ ఒక్కటే, మీ మాటకి ఎదురు లేదు.

నీ మరదలు


సర్వీసు ఓడ
ఏప్రిల్ చివర

మరదలికి,

ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. పూర్తిగా చదివాకే మండింది.

ఊరికే కూర్చోవడం పాపమా అని అడిగావు. దీపం దగ్గర జీతం తీసుకునేవాడికి పాపమే. హెచ్చరిక వెళ్తుందన్నావు. చిన్న ఓడల్లో సగం వాటికి ఆ హెచ్చరిక అందుకునే యంత్రమే ఉండదు. ఉండి తీరాలని చట్టంలోనూ లేదు. మీ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళలో ఒక్కడూ అలాంటి ఓడ ఎక్కి ఉండడు కాబట్టి నీకు తెలియకపోవచ్చు. ఇప్పుడు తెలిసింది కదా. ఈ మాట మళ్ళీ ఎత్తకు.

సరంగు ఇంక ఆ నిచ్చెన ఎక్కనన్నాడు. ఎక్కమని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఇప్పుడు నేనే ఎక్కుతున్నాను. ఈ సంగతి మీ అక్కకి చెప్పకు.

బావ


సర్వీసు ఓడ
మే, మంగళవారం

మరదలికి,

నిన్న సాయంత్రం దిబ్బ దీపం ఆరింది. హెచ్చరిక పంపించాం. గాలి ఎక్కువగా ఉండటం వల్ల వెళ్ళలేకపోయాం. రిపోర్టులో కూడా ఇదే రాశాను. మీ అక్క క్షేమం.

బావ


నిధి కార్యాలయం
మే, శుక్రవారం

బావా, బంగారు బావా,

నీ నాలుగు ముక్కలూ అందాయి. తిట్టిన నోటితోనే ఇంత మేలు చేస్తావని అనుకోలేదు. కాదులే, నువ్వేం చేశావు, చేసింది గాలి. ఆ గాలికే దండం పెట్టుకుంటాను. రిపోర్టు నకలు ఇవాళ తెప్పించాను. 'ఆరినది' అన్న మాట చూసి పొంగిపోయిన మనిషి ఈ కార్యాలయం పుట్టాక నేనొక్కదాన్నే అయ్యుంటాను. జూన్‌లో చూడు, కళ్ళజోడాయన మొహం ఎలా మారుతుందో. కొత్త టవరుకి మంచి వెడల్పాటి మెట్లు పెట్టిస్తాను, నువ్వూ సరంగూ కబుర్లు చెప్పుకుంటూ ఎక్కొచ్చు.

ఉత్తరం మడుస్తుంటే పక్క గదిలోంచి పిలిచారు. కలప ఓడ ఒకటి దిబ్బ మీదికి ఎక్కిందట. మంగళవారం రాత్రట. మనుషులు ఉన్నారో లేదో ఇక్కడ ఎవరికీ తెలియదు. బావా, వెంటనే రాయి.


సర్వీసు ఓడ
మే చివర

మరదలికి,

అందరూ ప్రాణాలతో ఉన్నారు. ముందు ఆ మాట. కెప్టెన్నీ, ఆయన మనుషులందరినీ మేమే వెళ్ళి తీసుకొచ్చాం. ఓడ నడుము విరిగింది, ఇంక లేవదు. అది ఆయన సొంత ఓడ.

పేపర్లో నువ్వు చదివే ఉంటావు. అంత గాలిలో ప్రాణాలకి తెగించి వెళ్ళామని రాశారు. ప్రశంసా పత్రం ఇస్తారట. మీ అక్క అప్పుడే ముందుగది గోడకి మేకు కొట్టేసింది. వచ్చినవాళ్ళందరికీ ఆ మేకు చూపించి సంగతంతా చెప్తోంది. నేను అటు వీపు పెట్టి భోంచేస్తున్నాను.

బావ


నిధి కార్యాలయం
జూన్

బావా,

పని అయింది. కొత్త టవరు వస్తోంది.

ఫోటో నేనే చూపించాను. ఓడ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, దుంగలు నీళ్ళ మీద చెల్లాచెదురుగా ఉన్నాయి, వెనకాల నీ టవరు. అది తెర మీద పెట్టి నేనేమీ మాట్లాడలేదు. అడగకూడదు కదా, అది నియమం. పెద్ద ఓడల సంఘం ప్రతినిధే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. దూరదేశం నుంచి వచ్చినావిడ కళ్ళు తుడుచుకుని తనూ ఎత్తింది. టీ వచ్చేలోపు టవరుకి కావలసినదంతా సమకూరింది. అధ్యక్షుల వారు నా భుజం తట్టారు. నాకు సంతోషం వేసింది. నీ దగ్గర దాచడం ఎందుకు, చాలా వేసింది. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే ఆ సంతోషం మీద నాకే అసహ్యం వేసింది.

ఒకటి అడుగుతాను. ఆ రోజు గాలి నిజంగానే ఉందా? 'గాలి ఎక్కువగా ఉండటం వల్ల' అని రాశావు. అది నేను నీకు రాసిన మాటే, అక్షరం మారలేదు. నువ్వు నీ మాటల్లో రాస్తే అలా రాయవు. నాకు తెలుసు.

నీ మరదలు


సర్వీసు ఓడ
జూలై

మరదలికి,

నీ ప్రశ్నకి జవాబు రాయకుండా టవరు సంగతులు రెండు పేజీలు రాసి చింపేశాను. పునాది ఎక్కడ తవ్వుతారో, రంగు ఏం వేస్తారో నీకు నేను చెప్పేదేముంది.

ఆ సాయంత్రం గాలి లేదు. దిబ్బ దగ్గర నీళ్ళు చెరువులా ఉన్నాయి. బజర్ మోగింది. మార్చాల్సిన బ్యాటరీ డెక్కు మీద సిద్ధంగా ఉంది. సరంగు వచ్చి నా మొహం చూశాడు. రేపు చూద్దాం అన్నాను. మర్నాడూ అదే మాట అన్నాను, రిపోర్టులో మళ్ళీ గాలే రాశాను. ఆ రాత్రే కలప ఓడ దిబ్బ ఎక్కింది.

మేం వెళ్ళింది ఆ చెరువు లాంటి నీళ్ళ మీదే. దానికే పత్రం ఇచ్చారు. మేకుకి తగిలించారు.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. కలప ఓడ కెప్టెన్ నిన్న మా ఆఫీసుకి వచ్చారు. నాకంటే పెద్దాయన, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని గేటు దగ్గర బెంచీ మీద పొద్దుటి నుంచి కూర్చున్నారట. వచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. తన వాళ్ళందరినీ బతికించానన్నారు. విచారణలో ఆయన లైసెన్సు తీసేశారు, ఎందుకో తెలుసా? అంత గాలిలో దిబ్బకి ఇవతల దారిన రావడం నిర్లక్ష్యం అని. గాలి లేదని ఆయన మొత్తుకున్నారట. ప్రాణాలకి తెగించి నిన్ను కాపాడినవాళ్ళు ఉందంటుంటే నువ్వు లేదంటావా అని కసిరారట.

ఆయనకి నా మీద అనుమానం రాలేదు. అదీ నన్ను చంపుతున్నది. "ఎవరో గుమస్తా పొరపాటున రాసుంటాడు సార్. మీరు స్వయంగా వచ్చారు, చూశారు. అప్పీలులో మీరు ఒక్క మాట చెబితే చాలు" అన్నారు. చూద్దామన్నాను. సరంగుతో అన్న మాటే.

బావ


నిధి కార్యాలయం
ఆగస్టు

బావగారికి,

మీ ఉత్తరం అందింది. తొందరపడి ఏమీ చేయవద్దని మనవి. టవరు ఒప్పందం మీద సంతకాలు ఇంకా కాలేదు, నవంబరు దాకా పడుతుంది. ఈ నిధిలో ఎవరి మీదా ఎవరికీ అధికారం లేదు. ఉన్నది నమ్మకం ఒక్కటే. డబ్బు కోసం దీపాన్ని ఆరనిచ్చారని తెలిస్తే, ఇష్టం మీద వచ్చినవాళ్ళు ఇష్టం మీదే వెళ్ళిపోతారు. ఆ తరవాత దిబ్బ దీపం ఒక్కటే కాదు, జలసంధి పొడవునా దీపాలకి దిక్కుండదు. ఒక మనిషి లైసెన్సు ఒక పక్క, ఇన్ని ఓడలు ఇంకో పక్క. ఆలోచించండి.

కెప్టెన్ గారికి కొత్త టవరు పనుల్లో ఉద్యోగం ఇప్పించే ఏర్పాటు చేశాను. పడవలో వచ్చే సామాను చూసుకునే పని. లైసెన్సు అక్కర్లేదు, నెల నెలా జీతం వస్తుంది. ఎవరు ఇప్పించారో ఆయనకి చెప్పనవసరం లేదు.

ఇదంతా రాసి చదువుకున్నాను బావా. మా కార్యాలయం నోట్ లాగా ఉంది. నిన్ను 'మీరు' అన్నానని ఇప్పుడు చూసుకున్నాను. తప్పు నాది. నువ్వు వద్దన్నావు. ఎందుకు వద్దో కూడా రాశావు. చిన్న ఓడలకి హెచ్చరిక అందదని నేను నా కళ్ళతో చదివాను. చదివి, ఆ తరవాత ఆరిందన్న కబురు రాగానే నిన్ను బంగారు బావా అన్నాను. అయినా ఆగమనే అడుగుతున్నాను. నవంబరు దాకా ఆగు.

నీ మరదలు


ఇల్లు
సెప్టెంబరు

మరదలికి,

కెప్టెన్ గారు పనిలో చేరారు. సొంత ఓడ నడిపిన మనిషి సిమెంటు బస్తాలు తడవకుండా పట్టాలు కప్పిస్తున్నారు. నువ్వు చెప్పొద్దన్నా ఎలాగో తెలుసుకున్నారు. మీ మరదలు గారికి నా నమస్కారాలు రాయండి సార్ అన్నారు. రాస్తున్నాను, అందుకో.

రోజూ పొద్దున్నే ఎదురొస్తారు. నా చేతిలో సంచి ఉంటే లాక్కుని తను మోస్తారు. నేను ముందు వెళ్ళేదాకా తలుపు పట్టుకుని నిలబడతారు. ఆయన నన్ను తిట్టినా బాగుండేది. కృతజ్ఞత భరించడం ఇంత కష్టమని నాకు తెలియదు.

మీ అక్కకి చెప్పేశాను. మొత్తం వింది. తరవాత లేచి గోడ మీద పత్రం తీసి బీరువాలో బట్టల కింద పెట్టింది. ఎవరి మాట విని ఈ పని చేశారని అడిగింది. ఎవరి మాటా కాదన్నాను. నిన్ను వెనకేసుకు రావడానికి అనలేదు. నువ్వు చెప్పావు, నేను తిట్టాను, తరవాత చేశాను. సరంగు గాల్లో ఊగడం కళ్ళ ముందు మెదిలి చేశాను. అది కూడా పూర్తి నిజం కాదు. ఇన్నేళ్ళు కంచాలు వదిలేసి పరిగెత్తితే, ఆ పరుగే మాకు అడ్డమైందని నువ్వు రాశావు చూడు, ఆ ఉక్రోషం ఉంది. ఒక్కసారి ఆరితే గానీ మా విలువ మీకు తెలియదు, తెలియనీ అనుకున్నాను. ఆ క్షణంలో దిబ్బ ఇవతల దారిన వచ్చేవాళ్ళు నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చారేమో కూడా, వచ్చినా కూర్చున్నాను.

అప్పీలు నవంబరులో. నేను వెళ్ళి చెప్తాను. సంతకాలు అయినా కాకపోయినా చెప్తాను. నీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

బావ


నిధి కార్యాలయం
అక్టోబరు చివర

బావా,

నువ్వు చెప్పేలోపు నేనే చెప్పాలనుకున్నాను. చెప్పాను. ఏం జరిగిందో విను.

ఈ నెల సమావేశం చివర్లో 'ఇతర విషయాలు' అని ఒక అంశం ఉంటుంది. సాధారణంగా అప్పటికి అందరూ సంచులు సర్దుకుంటూ ఉంటారు. మైకు నా దగ్గరికి లాక్కుని చెప్పేశాను. దీపం దానంతట అది ఆరింది, కానీ వెలిగించకుండా ఉండమని రాసింది నేను. గాలి అన్న మాట నాది. దానివల్ల ఒకాయన ఓడా పోయింది, లైసెన్సూ పోయింది. డబ్బు వెనక్కి తీసుకుంటారని, నన్ను అప్పటికప్పుడు బయటికి పొమ్మంటారని అనుకున్నాను.

ఎవరూ అరవలేదు. అధ్యక్షుల వారు టీకి విరామం ఇచ్చారు. కారిడార్‌లో దూరదేశం ఆవిడ నా చెయ్యి నొక్కి, ఎక్కడైనా ఇలాంటివి ఉంటాయమ్మా అంది. ఒడ్డు దేశాల ప్రతినిధుల్లో ఒకాయన నా చెవి దగ్గరికొచ్చి, మా రిపోర్టుల్లో ఆరని దీపాలు ఎన్ని ఆరాయో నాకే తెలియదు, అవన్నీ ఇప్పుడు తవ్వకండి అన్నాడు. మళ్ళీ కూర్చున్నాక అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "కార్యదర్శి గారి నిజాయితీని అభినందిస్తున్నాం. ఈ విషయం మినిట్స్‌లోకి ఎక్కనక్కర్లేదని సభ్యుల ఉద్దేశం అనుకుంటాను. అభ్యంతరాలున్నాయా?" అన్నారు.

లేవు. ఒక బోయాకి ఏ రంగు వెయ్యాలో తేల్చుకోడానికి రెండేళ్ళు కొట్టుకున్న దేశాలివి. నా తప్పు దాచడానికి మాత్రం అందరూ ఒక్క మాట మీదికి వచ్చేశారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత త్వరగా ఏకాభిప్రాయం కుదరడం నేను చూడలేదు.

మినిట్స్ రాసేది నేనే బావా. రాత్రంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. రాస్తే ఉంటుంది, రాయకపోతే లేదు. రాయలేదు.

అప్పీలుకి వస్తాను. అక్కడ నా నోటితో చెప్తాను. నువ్వు ఒక్కడివే నిలబడక్కర్లేదు. ఇందులో నా పాత్ర గురించి అక్కకి నేను వచ్చాకే చెప్తాను, నువ్వు ముందు చెప్పకు.

నీ మరదలు


ఇల్లు
నవంబరు చివర

మరదలికి,

నువ్వు రాలేదు. హాలు తలుపు చప్పుడైనప్పుడల్లా తిరిగి చూశాను. ఆ సాయంత్రం పేపర్లో సంతకాల ఫోటో వచ్చింది. వెనక వరసలో నువ్వు ఉన్నావు. ఒప్పందం తేదీ అదే రోజు పడిందని, నిన్ను వెళ్ళమన్నారని అర్థమైంది. వెళ్ళమంటే వెళ్ళావు. నేను నిన్ను ఏమీ అనను. అనే అర్హత నాకు లేదు. నువ్వు రాలేదు కాబట్టి జరిగింది రాస్తున్నాను.

పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. గాలి సంగతి అడిగారు. లేదన్నాను. బ్యాటరీ ఉందా అన్నారు. ఉందన్నాను. మరి ఎందుకు వెళ్ళలేదు అన్నారు. వెళ్ళి వెలిగిస్తే కొత్త టవరు ఎప్పటికీ రాదని వెళ్ళలేదన్నాను. మధ్యలో ఆయన పెన్ను కింద పెట్టేశాడు. మీకు ఎవరైనా చెప్పారా అని అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. అడిగితే నీ పేరు చెప్పేవాణ్ణి, అది నీకు తెలిసి ఉండాలి.

కెప్టెన్ గారి లైసెన్సు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశారు. నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు, విచారణ ఉంటుంది. సరంగుని ఏమీ అనకూడదని రాసిచ్చాను. టవరు పని ఆగలేదట. మీ వాళ్ళకి ఈ సంగతి అధికారికంగా తెలియదు కాబట్టి ఆపడానికి కారణం లేదట. మీ అక్క నీ గురించి అడగడం మానేసింది. తనకి తెలిసిపోయిందనుకుంటాను.

బయట కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాను. కెప్టెన్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. లైసెన్సు జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నారు. తిడతారని, కాలర్ పట్టుకుంటారని ఎదురుచూశాను. ఆయన నేల వంకే చూస్తూ నెమ్మదిగా అడిగారు.

"ఆ రాత్రి మీ ఓడలోకి ఎక్కించుకోగానే నాకు మీరే దుప్పటి కప్పారు. భయం లేదు, వచ్చేశాం అన్నారు. అప్పుడు కూడా మీకు తెలుసా సార్?"

తెలుసన్నాను.

ఆయన లేచారు. తలుపు దాకా వెళ్ళి, తెరిచి, ఎప్పటిలాగే నేను ముందు వెళ్ళడానికి పట్టుకుని నిలబడ్డారు. నేను బెంచీ మీదే ఉండిపోయాను. కాసేపు చూసి, తలుపు వదిలేసి వెళ్ళిపోయారు.

బావ